మంచుదేశపు తల్లుల యారోగ్యము

శిశువునకు తల్లిపాలను మించిన యాహారము లేదని మన పెద్దలును, నేటి వైద్యులును ఏకకంఠముగా జెప్పుచున్నారు. అట్టి పాలలో విషము చేరునని యెవరైన ననినచో మనకు నమ్మబుద్ధి పుట్టదు. పొగగొట్టములు గాని, కార్ఖానాలు గాని, మందులు చల్లు పంటపొలములు గాని కానరాని దేశమునందు, మంచుగడ్డల నడుమ కాపురముండు తల్లుల పాలలో కార్ఖానాల విషపదార్థములు కానవచ్చెననుట మఱింత వింతగా దోచును. అయినను ముప్పదియైదు, నలువది సంవత్సరముల క్రిందట కెనడా దేశపు ఉత్తరభాగమున నట్లే జరిగినది. ఆ విషము ఎచ్చటినుండి వచ్చెనో, అక్కడి ప్రకృతియందును సంసారములందును గలిగిన మార్పులు ఆ తల్లుల దేహారోగ్యమును, మనశ్శాంతిని ఎట్లు కదలించినవో సోదరీమణులకు దెలుపుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

దేశము, జనులు

భూగోళపు శిరోభాగమున ఉత్తరధ్రువముచుట్టును మంచుగప్పిన సముద్రమొకటి కలదు. దాని పరిసరములందు కెనడా, గ్రీన్లాండు, అమెరికాకు జెందిన అలాస్కా, నార్వే, స్వీడను, ఫిన్లాండు, రష్యా దేశముల యుత్తరభాగములున్నవి. ఈ ప్రాంతమంతయు గలిపి సుమారు 40 లక్షలమంది నివసించుచున్నారు. వారిలో రమారమి పదవవంతు అనాదినుండియు అచ్చటనే యున్న జాతులవారు. మనము చిన్ననాటి పాఠ్యపుస్తకములలో ఎస్కిమోలని చదివినవారు వీరిలోని యొక పెద్ద తెగ. ఆ పేరు పరులు పెట్టినది. వారిలో పెక్కుమందికి అది సమ్మతము గాదు. తమ్ము దాము ఇన్యూయిట్లని చెప్పుకొందురు. వారి భాషలో ఆ మాటకు 'మనుష్యులు' అని యర్థము. 2021 జనాభాలెక్కలనుబట్టి కెనడాలో వీరు సుమారు 70 వేలమంది యున్నారు.

మంచు ఇటుకలతో గట్టిన గుడిసెలలో వీరు నేడు కాపురముండరు. కొయ్యయిండ్లు, విద్యుద్దీపములు, పాఠశాలలు, దుకాణములు, మంచుమీద బరువెత్తు మోటారుబండ్లు వీరి గ్రామములందు గలవు. అయితే ఈ మార్పంతయు రెండు మూడు తరములలో వచ్చిపడినది. అమ్మమ్మ కుక్కలబండిమీద దిరిగినది. మనుమరాలు విమానమున దిరుగుచున్నది.

పూర్వము ఆ యింటి యిల్లాలికి మూడు వస్తువులు ప్రాణసమానములు. ఒకటి, సీలు అను సముద్రజంతువు కొవ్వుతో వెలుగు రాతి దీపము. దీనిని కుల్లిక్ అందురు. ఇంటికి వెలుతురు, వెచ్చదనము, వంటకు నిప్పు అన్నియు దీనినుండియే. వత్తి చెదరకుండ చూచుకొనుట స్త్రీ పని. రెండవది, అర్ధచంద్రాకారమున నుండు ఉలు అను కత్తి. మనకు కత్తిపీట ఎట్టిదో వారికిది యట్టిది. మూడవది, అమౌతి అను తోలుచొక్కా. దాని వీపునందు సంచివలె నుండు చోట పసిబిడ్డ తల్లి దేహపు వేడిమిని అంటిపెట్టుకొని నిదురించును. ఇక ఆమె సూదిపని సంగతి వేఱుగా జెప్పవలెను. తోలు బూట్లకు ఆమె వేసిన కుట్టు సడలి నీరు చొరబడినచో వేటకు బోయిన భర్త పాదములు గడ్డకట్టి పోవును. ఆమె సూదియే ఆతని ప్రాణమునకు రక్ష.

ఆ దేశమున వరి, గోధుమ పండవు. కూరగాయలు లేవు. స్వల్పకాలపు వేసవిలో దొరకు కొన్ని పండ్లు దక్క తక్కినదంతయు సముద్రమునుండియు, జింకలమందలనుండియు రావలసినదే. శాకాహారులైన సోదరీమణులకిది వినుటకే కష్టముగా నుండవచ్చును. కాని ఆ దేశపు ధర్మమట్టిది. కూరగాయలు లేక వారు చిగుళ్లవ్యాధిచేత నశింపకుండుటకు గారణము, తిమింగిలపు చర్మమును పచ్చిగా దినుటయే. అందు విటమిను 'సి' సమృద్ధిగా నున్నది. ఎక్కువగా వండినచో నది నశించును. చేపలలోను, సముద్రజంతువుల కొవ్వులోను గుండెకు మేలుచేయు కొవ్వులును, విటమిను 'డి' యును గలవు. వేటగాడు తెచ్చినది తనయింటికే దాచుకొనుట అక్కడి మర్యాద గాదు. బంధువులకు, వృద్ధులకు, దిక్కులేనివారికి పంచిన పిదపనే తన పాలు.

పాలలో విషము

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రపు ఉత్తరభాగమున నునావిక్ అను ఇన్యూయిట్ల ప్రాంతము గలదు. 1980వ సంవత్సరమునకు తరువాతి దశాబ్దమున డాక్టరు ఎరిక్ దెవాయీ అను వైద్యుడు ఆ రాష్ట్రపు దక్షిణభాగమున, కార్ఖానాలున్న చోట్ల, తల్లిపాలను పరీక్షించుచుండెను. వానితో సరిపోల్చుటకు ఏ మలినమును లేని పాలు గావలెను గదా! అట్టివి నునావిక్ తల్లులయొద్దనే దొరకునని తలచి యచ్చటినుండి తెప్పించి పరీక్షించిరి. తీరా చూడగా, దక్షిణపు తల్లుల పాలలోకంటె ఈ తల్లుల పాలలోనే పి.సి.బి.లను విషపదార్థములు దాదాపు ఐదురెట్లు అధికముగా నుండెను. స్వచ్ఛతకు కొలబద్దగా నుండునని తెప్పించిన పాలే యన్నిటికంటె మలినములై తేలినవి!

ఈ పి.సి.బి.లు విద్యుద్యంత్రములలో వాడుటకై మనుష్యులు తయారుచేసిన నూనెలవంటి రసాయనములు. ఉత్తరదేశమున వానిని తయారుచేసిన వారెవరును లేరు. మఱి యెట్లు చేరినవి? మన వంటయింటిలోనే దీనికి దృష్టాంతము గలదు. కాగుచున్న కుండపై చల్లని మూత వేసినచో, ఆవిరి పైకెగసి మూతక్రింద నీటిబొట్లై నిలుచును. అట్లే వెచ్చని దేశములలో నేలమీద బడిన ఈ విషములు ఆవిరియై గాలిలో గలిసి, పోయిపోయి చల్లని యుత్తరమున దిగిపోవును. భూగోళమను కుండకు ఆ మంచుదేశము మూతవంటిది.

దిగిన విషము నీటిలోని సూక్ష్మజీవులలో జేరును. వానిని చిన్నచేపలు, చిన్నచేపలను పెద్దచేపలు, పెద్దచేపలను సీలు, తిమింగిలములు దినును. ఈ పదార్థములు తొందరగా నశించునవి గావు. నీటిలో గఱగక కొవ్వునందు నిలువయుండును. కావున మెట్టు మెట్టునకు వాని సాంద్రత పెరుగుచుండును. ఆ కొవ్వును దిన్న తల్లి దేహమున నవి చేరి, పాలలోని వెన్నతోగూడ బిడ్డ నోటికి బోవును. ఈ గొలుసునకు చివరి కొలికి పసిబిడ్డ. ఇట్టి విషములు బిడ్డల రోగనిరోధకశక్తికిని, మెదడు పెంపునకును హాని చేయగలవు.

మన దేశమున మలేరియా నివారణకై ఇంటింట జల్లిన డి.డి.టి.యును ఈ జాతికి జెందినదే. 1953లో ప్రారంభమైన ఆ ప్రయత్నమువలన ఎందరో ప్రాణములతో బయటపడిరనుట సత్యము. కాని గోడలపై జల్లినది గోడలనే యంటియుండదనియు, గాలికి ఎల్లలు లేవనియు మంచుదేశపు తల్లుల పాలు లోకమునకు దెలిపినవి.

అప్పుడు వైద్యులకు గొప్ప ధర్మసంకటము గలిగెను. పాలియ్యవద్దని తల్లులకు జెప్పవలెనా? డబ్బాపాలు ఆ దేశమున మిక్కిలి ప్రియము. తల్లిపాలు లేని బిడ్డ రోగములకు సులభముగా లోనగును. చక్కగా విచారించి, తల్లులు పాలిచ్చుట మానరాదనియే వైద్యులు నిశ్చయించిరి. సముద్రాహారము నంతయు మానుమనుటయు దగదు. దానికి బదులుగా దుకాణమున దొరకునది తెల్లపిండి, చక్కెరనీళ్లు, వేపుడు పదార్థములు. 'ఇందు విషమున్నద'ని చెప్పుట సులభము. చెప్పిన పిమ్మట ఆ తల్లి బిడ్డలకేమి పెట్టవలెనో చెప్పుట కష్టము.

తరువాత పాదరసపు సంగతి బయలువెడలెను. బొగ్గు మండించుటవలనను, బంగారపు గనులవలనను గాలిలో జేరు పాదరసము కూడ ఈ విధముగనే ఉత్తరమునకు బోయి తిమింగిలముల మాంసములో జేరుచున్నది. ఇది గర్భస్థశిశువు మెదడునకు హానికరము. కావున నునావిక్ వైద్యశాఖవారు గర్భిణులు, గర్భిణులు కాదలచినవారు బెలూగా యను తెల్లతిమింగిలపు మాంసమును తగ్గించి, పాదరసము తక్కువగా నుండి పుష్టినిచ్చు చార్ అను చేపను దినుట మేలని బోధించుచున్నారు. తమ ఆహారమును విడువక, అందులోనే మేలైనదానిని ఎంచుకొమ్మని చెప్పు ఈ పద్ధతి వివేకముతో గూడినది.

ఒక స్త్రీ పూనిక

ఈ విషములను అరికట్టుటకు లోకదేశముల ప్రతినిధులు సమావేశములు జరిపినప్పుడు ఇన్యూయిట్ల పక్షమున వాదించినవారిలో శ్రీమతి షీలా వాట్ క్లూటియే ముఖ్యురాలు. ఈమె 1953లో నునావిక్‌లో జన్మించి, తల్లిచేతను అమ్మమ్మచేతను పెంపబడి, మొదటి పదేండ్లు కుక్కలబండిమీదనే ప్రయాణము చేసిన స్త్రీ. 1999లో నైరోబీలో జరిగిన సమావేశమున, తల్లియు బిడ్డయు నున్న యొక చెక్కడపు బొమ్మను ఈమె ఐక్యరాజ్యసమితి పర్యావరణశాఖ యధిపతికి బహూకరించెను. లెక్కల కాగితముల నడుమ నా బొమ్మ, తాము మాటాడుచున్నది ఎవరి పాలనుగూర్చియో సభవారికి జ్ఞప్తి చేయుచుండెను.

2001లో స్టాక్‌హోములో ఒడంబడిక కుదిరెను. 2004లో అమలులోనికి వచ్చెను. మొదట పండ్రెండు విషపదార్థములను అందు జేర్చిరి. ఉత్తరప్రాంతపు ఆదిమజాతులకు గలిగిన యాపదను ఆ ఒడంబడిక పీఠికయందే ప్రస్తావించిరి. మన భారతదేశము 2006లో దానికి సమ్మతి తెలిపినది. పాదరసమునుగూర్చి 2013లో మినామాటా ఒడంబడిక వేఱుగా జరిగినది. ఫలము లేకపోలేదు. నునావిక్ తల్లుల రక్తములో పి.సి.బి.లు నాటికంటె నేడు చాల తగ్గినవి. కాని అంటుకొనని పెనములకును, తడియని బట్టలకును వాడు క్రొత్త రసాయనములలో కొన్ని ఇప్పుడచ్చట అధికమగుచున్నవి. ఒక ద్వారము మూయగా నింకొక ద్వారము తెఱచుకొన్నట్లున్నది.

మంచు కఱగుట

1979 మొదలు ఉత్తరధ్రువప్రాంతము లోకపు సగటుకంటె దాదాపు నాలుగురెట్లు వేగముగా వేడెక్కినదని 2022లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. చలిదేశము కొంచెము వెచ్చబడిన మంచిదే గదా యని మనకు దోచును. కాని వారికి గడ్డకట్టిన సముద్రము బాట, అంగడి, ధాన్యపుకొట్టు అన్నియును. మంచు ఆలస్యముగా గట్టి, ముందుగా గఱగుచున్నది. ఎచ్చట అడుగు పెట్టవచ్చునో, ఎచ్చట పెట్టరాదో తరతరములుగా తెలిసిన పెద్దలకు సైతము గుఱుతు తప్పుచున్నది. బండ్లతోగూడ మంచు విఱిగి మునిగినవారున్నారు. వేటకు బోయిన భర్తయో, కుమారుడో తిరిగి వచ్చువఱకు ఇంటనున్న స్త్రీకి నిదుర యెట్లు పట్టును? అలాస్కాలో కొందఱు మాంసమును నిలువజేయుటకు గడ్డకట్టిన నేలలో త్రవ్వుకొన్న నేలమాళిగలలోనికి నీరు వచ్చి ఆహారము చెడిపోవుచున్నది. అచ్చటి న్యూటాక్ గ్రామము నేల క్రుంగి, ఒడ్డు కోసుకొనిపోవుటచేత నిలువలేక, 2019 మొదలు మెర్టార్విక్ అను క్రొత్త తావునకు దరలిపోయినది.

రష్యాలోని యమాల్ ద్వీపకల్పమున 2016 వేసవిలో ఎండలు మిక్కుటమై, గడ్డకట్టిన నేల కఱగి, అందు బహుకాలము అణగియున్న ఆంత్రాక్సు, అనగా మన పల్లెలలో దొమ్మరోగమని పిలుచునది, బయల్పడినదని పరిశోధకులు భావించిరి. రెండువేలకు పైగా మంచుజింకలు చచ్చెను. పండ్రెండేండ్ల బాలుడొకడు మరణించెను. జింకలకు టీకాలు వేయుట 2007లోనే మానివేసియుండిరి. ప్రకృతి మాఱుటయు, మనుష్యుడు ఏమఱుటయు ఒక్కచోట గలిసినప్పుడు ఆపద యెట్లు వచ్చునో దీనివలన దెలియుచున్నది.

దేహమునకే గాదు, మనస్సునకును ఈ మార్పు సోకినది. కెనడా తూర్పుతీరమున రిగోలెట్ అను చిన్న గ్రామమున జనులను విచారింపగా, మంచు సరిగా గట్టక బయలుప్రదేశములకు బోలేని దినములలో దుఃఖము, చిరాకు, ఏమియు దోచకుండుట తమను బాధించుచున్నవని చెప్పిరి. కళ్లముందే తమ దేశము తమది గాకుండ బోవుచున్నట్లు వారికి దోచుచున్నది.

ఇల్లు, క్షయ

ప్రకృతికంటె ముందు వారి సంసారమును కదలించినది ప్రభుత్వముల విధానము. 1950వ సంవత్సరము తరువాత సంచారజీవులైన ఇన్యూయిట్లను స్థిరగ్రామములకు జేర్చిరి. పిల్లలను దూరపు పాఠశాలలకు బంపి, వారి భాషను మఱపించిరి. ఇండ్లు చాలవు, ఉన్న యిండ్లు ఇఱుకు. 2016 లెక్కలనుబట్టి కెనడాలో తమ స్వస్థానమునందున్న ఇన్యూయిట్లలో సగముకంటె ఎక్కువమంది ఇఱుకిండ్లలో నుండిరి. గాలి చొరని గదిలో పదిమంది పరుండినచో ఒకరి దగ్గు పదిమందికి వచ్చును. పసిబిడ్డలకు ఊపిరితిత్తుల జబ్బులు తఱచు.

క్షయరోగపు కథ మఱియు విషాదకరము. 1950 ప్రాంతముల సి.డి. హౌ అను ప్రభుత్వపు ఓడ ప్రతి వేసవిలో తీరగ్రామములకు వచ్చి జనుల రొమ్ముకు ఎక్స్‌రే తీయుచుండెను. రోగమున్నదని తేలినవారిని తిరిగి ఒడ్డునకు దిగనీయక దక్షిణపు ఆసుపత్రులకు గొనిపోయెడివారు. తల్లి బిడ్డకు ముద్దైన పెట్టకుండ బోయినది. బిడ్డ తల్లిని విడిచి పోయినది. 1956 నాటికి ఏడుగురిలో నొకరు ఇట్లు దక్షిణమున నుండిరి. తిరిగి వచ్చినవారిలో కొందఱు పిల్లలు తమ భాషనే మఱచిరి. మరణించినవారి సమాధి యెచ్చటనో బంధువులకు దెలియలేదు. 2019 మార్చి 8వ తేదీన, అనగా అంతర్జాతీయ మహిళాదినమున, నాటి ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో ఇకాలుయిట్ నగరమునకు బోయి ప్రభుత్వము పక్షమున క్షమాపణ జెప్పెను. సమాధులను వెదకుటకు ఏర్పాటును ప్రకటించెను. క్షయ మాత్రము పోలేదు. 2030 నాటికి దానిని నిర్మూలింతుమని 2018లో ప్రభుత్వము ప్రతిజ్ఞ చేసియున్నది. మందుమాత్రలతోబాటు గాలి వెలుతురు గల యిల్లును, కడుపునిండ దిండియు లేనిది ఆ ప్రతిజ్ఞ నెరవేరుట యెట్లు?

తిండి సంగతియు అట్టిదే. దుకాణములలోని సామగ్రి విమానములమీదనో, వేసవిలో వచ్చు ఓడలమీదనో రావలెను. అందుచేత వెలలు మిక్కిలి హెచ్చు. 2007, 2008 సంవత్సరములలో నునావుట్ ప్రాంతమున జరిపిన విచారణలో, మూడు మొదలు ఐదేండ్ల వయసుగల పిల్లలలో నూటికి దాదాపు డెబ్బదిమంది తిండికి భరోసా లేని యిండ్లలో నున్నట్లు తేలినది. వేటకు మోటారుబండి, చమురు, తుపాకి కొనుటకు డబ్బు గావలెను. ఉద్యోగము చేసినచో వేటకు తీరిక లేదు. రెంటికి నడుమ గృహిణి నలిగిపోవుచున్నది. అయినను పంచుకొను మర్యాద నశింపలేదు. నునావిక్ గ్రామములందు వేటగాండ్రు తెచ్చిన మాంసమును ఉమ్మడి శీతలపేటికలలో నుంచి, లేనివారు గొనిపోవుటకు ఏర్పాటు చేసియున్నారు.

పుట్టినింట పురుడు

వైద్యసహాయము వచ్చుటయే చాలదు, అది వచ్చు రీతియు ముఖ్యమని పురుళ్ల చరిత్ర తెలుపుచున్నది. పూర్వము గ్రామములోని అనుభవముగల స్త్రీలే పురుడు పోసెడివారు. తరువాత, క్షేమము కొఱకని, గర్భిణులను ప్రసవమునకు కొన్ని వారముల ముందే విమానములమీద దక్షిణపు ఆసుపత్రులకు బంపసాగిరి. అచ్చట తన భాష దెలిసినవారుండరు; తన తిండి దొరకదు. ఇంటివద్ద పెద్దపిల్లలు తల్లికొఱకు బెంగటిల్లుచుందురు. తొలిచూలాలికి తల్లి చేయి పట్టుకొనుటకైన లేదు. మన యాడపడుచులు పురిటికి పుట్టింటికి బోవుదురు. వారికి ఉన్న యిల్లు విడిచి పరాయిచోటికి బోవలసివచ్చినది.

దీనిని అక్కడి స్త్రీలు సహింపలేదు. వారి పట్టుదలచేత 1986లో హడ్సన్ అఖాతపు తీరమున పువిర్నిటుక్ గ్రామమున ప్రసూతిశాల యేర్పడినది. ఇన్యూయిట్ స్త్రీలే మంత్రసానులుగా శిక్షణ పొంది, ఆధునిక వైద్యమును పెద్దల నేర్పును కలిపి పని చేయుచున్నారు. ప్రమాదకరమైన కాన్పులను మాత్రమే దక్షిణమునకు బంపుదురు. తరువాత ఆ తీరమున మఱి రెండు గ్రామములందు ఇట్టివి వెలసినవి. ఇప్పుడు ఆ తీరపు బిడ్డలలో అధికసంఖ్యాకులు తమ వారి నడుమనే కన్ను తెఱచుచున్నారు. బయటినుండి ఎవరో వచ్చి చేసిన యుపకారముకంటె, తమ చేతులమీదుగా తాము చేసికొన్న యీ యేర్పాటు ఆ స్త్రీలకు ధైర్యమిచ్చినది.

మనకు దీనితో నేమి పని?

సోదరీమణులారా! మంచుదేశపు కథ మనకేల యని యనుకొనవలదు. పెరటిలో చెత్తతోబాటు ప్లాస్టిక్కు సంచులను, పాత తీగలను గలిపి మండించుట మన యూళ్లలో వాడుక. ఆ పొగలో డయాక్సినులను విషములు పుట్టును. స్టాక్‌హోము ఒడంబడికలోని మొదటి పండ్రెండు విషములలో నవియు జేరియున్నవి. ఆ పొగ ముందుగా మన పిల్లల ఊపిరితిత్తులలో జొచ్చును. మిగిలినది గాలితో బోవును. పగిలిన జ్వరమాపకములోని పాదరసమును మురుగుకాలువలో గడుగుట, పురుగుమందు డబ్బాలను చెఱువునీటిలో తొలుచుట, ఆ ఖాళీ డబ్బాలలో పప్పు పోసికొనుట మొదలైనవియు ఇట్టివే. వీనిని మానుట మన చేతిలోని పని; ఖర్చు లేనిది. చెత్తలో తడిదానిని గోతిలో వేసి ఎరువు చేయుటయు, ప్లాస్టిక్కును వేఱు జేసి మునిసిపాలిటీ, పంచాయతీల బండికి నిచ్చుటయు, బండి రానిచోట రప్పించుటకు నలుగురు స్త్రీలు గలిసి యడుగుటయు మనము చేయదగినవి.

ఇన్యూయిట్ తల్లి తన తప్పు లేకయే తన పాలను సందేహింపవలసి వచ్చినది. ఆమె వంటలో లోపము లేదు, శుచిలో లోపము లేదు, బిడ్డపై ప్రేమలో లోపము లేదు. వేలమైళ్ల దూరమున ఎవరెవరో పాఱవైచినది ఆమె యొడిలో బడినది. అట్టిది ఇంకొక తల్లికి సంభవింపకుండ జూచుట ఒక దేశపువారి పని మాత్రమే గాదు. మన పెరటినుండి లేచు పొగను నేడే ఆర్పుదము.